నల్లా దగ్గర అడగాల్సిన మాట

ఇవాళ పొద్దున మా ఇంటి ముందు రోడ్డుకు మళ్ళీ తారు పోస్తున్నారు. ఆ ఘాటుకు ఎవరికైనా దగ్గు వస్తుంది. నాకు నర్సింగరావు సార్ గుర్తొచ్చారు. లాల్‌దర్వాజాలో మా గల్లీని వెడల్పు చేసి మెయిన్ రోడ్డుతో కలపాలనుకున్న రోజుల్లో, ఇల్లిల్లూ తిరిగి జనం మాట రాసుకొచ్చే పనికి నన్ను పెట్టుకున్న సర్వేయరు ఆయన. అప్పుడే డిగ్రీ అయింది, నోటికి అదుపు లేదు. గల్లీలోకి ఆటో కూడా రాకపోవడంతో, అమ్మకు ఆయాసం వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసేవాళ్ళం. కాబట్టి రోడ్డు రావాల్సిందేనని నేను ముందే తేల్చేసుకున్నాను.

మూడు రోజుల్లో కాగితాలన్నీ నింపి సార్ బల్ల మీద పెట్టాను. "చూడుండ్రి సార్, ఒక్కరు గూడ వద్దనలే!"

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశారు. "యాడ అడిగినవ్ బిడ్డా?"

"అరుగు మీద కూసొని."

"పక్కన ఎవలున్నరు?"

"ఇంటాయన. ఛాయ్ గూడ పోసిండు."

"ఇంటాయన ముందట కిరాయికున్నోళ్ళు వద్దంటరా? ఛాయైతే మంచిగ తాగొచ్చినవ్ తీ."

ఒళ్ళు మండి వాదించాను. ఆయన వింటేగా. "రేపు నల్లా వచ్చే యాళ్లకు పో. ఇంటోళ్ళకు మోటర్లున్నయి. బిందెలు వట్టుకొని వచ్చేది కిరాయోళ్ళే."

మర్నాడు నల్లా దగ్గర ఇస్త్రీ బండి రాజమణక్క కనిపించింది. అరుగు మీద నవ్వుతూ రోడ్డు కావాలన్న మనిషే.

"రోడ్డు మంచిదే చెల్లె, మీ అమ్మను మోసుడు తప్పుతది. గని రోడ్డుకని ముందటర్ర కూలగొడ్తె, నన్ను ఎల్లగొట్టి నేనున్న అర్రకు షట్టర్ ఏసి దుకాణం వెడ్తనంటుండు ఇంటాయన. నేనేడికి పోవాలె? నా గిరాకంత గీ గల్లీ ఇండ్లేనాయె."

"మరి మొన్నెందుకు చెప్పలే?"

"ఆయన మొఖం నీకు కనవడలేదు, నాకు కనవడ్డది."

సార్ రిపోర్టులో అమ్మ ఆయాసమూ రాశారు, రాజమణక్క గది పోయే సంగతీ రాశారు. "ఒకటి రాసి ఒకటి మింగుడు నాకు రాదు" అన్నారు. రోడ్డు వెయ్యండి, కిరాయివాళ్ళకు దగ్గర్లోనే చోటు చూపండి అని ముగించారు. పైవాళ్ళు మొదటి సగమే చదివారు.

రోడ్డు వచ్చింది. ఒక మధ్యాహ్నం అమ్మకు ఊపిరాడనప్పుడు అంబులెన్సు గుమ్మం దాకా వచ్చింది, అమ్మ బతికింది. అప్పటికే రాజమణక్క ఊరి చివరికి వెళ్ళిపోయింది. సార్ ఆమె ఇల్లు కనుక్కుని నన్ను బలవంతాన తీసుకెళ్ళారు. "రోడ్డు చేసిన మంచి ఆమెకు చెప్పు. చేసిన చెడు నువ్వు చూడు." ఆ కొత్త చోట బట్టలిచ్చేవాళ్ళు లేరు, ఇస్త్రీ పెట్టె చల్లగా పడి ఉంది. నేను నోరు తెరవకముందే ఆమె అడిగింది: "అమ్మ మంచిగున్నదా చెల్లె?"



సార్ పోయి చాలా ఏళ్ళయింది. కొత్త రోడ్డు మాట వస్తే మీటింగుల్లో ఇప్పటికీ కావాలనే వాదిస్తాను. మా అమ్మ ఇంకొన్నేళ్ళు బతికిన సంగతి మర్చిపోయి మాట్లాడలేను. కానీ సంతకాల కాగితం నా ముందుకు తోస్తే, కిరాయివాళ్ళ పేర్లు వెతకకుండా కలం తీయను. తొందరపెట్టేవాళ్ళతో లొల్లి పెట్టుకుంటాను. గట్టిగానే పెట్టుకుంటాను.