గొంతు దిగేదాకా మాట్లాడకూడని మందు

ఆరో తరగతిలో మా సారు మొక్క భాగాలు చెబుతూ, వేరు ముగించి కాండం దగ్గరికి వచ్చేసరికి నేను బడి గోడ దూకేశాను. అందుకే ఆకుల సంగతి నాకు తెలియదు. తెలిసిన ఆకు ఒక్కటే, తమలపాకు. దానితోనే ఖమ్మం బస్టాండు ఎదుట పాన్ డబ్బా పెట్టుకుని బతుకుతున్నాను. ఆ రోజు గోడ దూకకుండా లోపలే కూర్చున్న నా దోస్తు ఖాజా కాండం, ఆకు, పువ్వు అన్నీ దాటి, వరంగల్లులో కామెర్ల మందు మొక్కల మీద పరిశోధన చేసేదాకా పోయాడు.

ఎనభైల్లో ఒక వానాకాలం నా భార్య సరోజకు కామెర్లు వచ్చాయి. నెల తిరిగేసరికి కడుపు ఉబ్బింది. దవాఖానాలో లివరు పాడైందన్నారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఖాజాకు కబురు పెడితే వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. దాచకుండా చెప్పాడు.

"నా మందు ఇంక ఎలుకల దాకనే వచ్చింది వదినా. మనుషుల దాకా రాలే."

సరోజ పచ్చటి కళ్లతో నా వైపు చూసింది. "అయితే మా ఆయనకియ్యి ఖాజా భాయ్. ఎలుక లెక్కనే రాత్రంతా ఏదో ఒకటి నములుతనే ఉంటడు."

భద్రాచలం అవతల అడవిలో ముత్తయ్య అనే కోయ పెద్దాయన కామెర్లకు ఒక వేరు ఇస్తాడని ఖాజా విన్నాడు. ఆ మొక్క పూసే రోజులవి. పువ్వు లేకుండా మొక్క పేరు ఖాయం చేయలేరట. ఒకే పేరుతో మూడు రకాల మొక్కలను పిలిచే ఊళ్లున్నాయట. వాడికి పువ్వు కావాలి, నాకు వేరు కావాలి. అత్తమ్మను సరోజ దగ్గర ఉంచి ఇద్దరం బయలుదేరాం.

తెల్లవారుజామున ఐదున్నరకు భద్రాచలం బస్సు ఎక్కాం. ఆ దారిన వెళ్లేవారు ఎడమవైపు కూర్చోండి, కుడివైపు ఎండ మొహాన కొడుతుంది. కొత్తగూడెంలో ఇడ్లీ తిన్నాం. చట్నీ నీళ్లగా ఉంటే హోటలాయనతో, "సేటూ, చేతులు ముందే కడిగిస్తున్నవా?" అన్నాను. అప్పటికి నా నోరు బాగానే ఉంది. పాల్వంచ పొగగొట్టాలు దాటి, గోదావరి వంతెన ఎక్కినప్పుడు కింద నీళ్లు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. బస్సులో అందరూ దండం పెట్టారు. ఖాజా కూడా పెట్టాడు.

భద్రాచలంలో భోంచేసి చర్ల వెళ్లే బస్సు పట్టుకున్నాం. దుమ్ముగూడెం దాటాక దిగి, తునికి చెట్ల మధ్య బండి బాటన నడిచాం. చెప్పులకు బురద అంటి ఒక్కో కాలు గంపెడు బరువైంది. సాయంత్రానికి ముత్తయ్య ఇల్లు చేరాం. ఖాజా వచ్చిన పని చెప్పాడు. ముత్తయ్య ఇంట్లోవాళ్లతో కోయలో మాట్లాడి, మా వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"కండ్లు పచ్చవడి ఎన్నాళ్లైంది?"

"నెల దాటింది తాతా."

"కడుపు ఉబ్బిందా?"

"ఉబ్బింది."

ఆయన పొయ్యి వైపు చాలాసేపు చూశాడు. "గిప్పుడా వచ్చేది బిడ్డా?" అన్నాడు. తర్వాత, "ఇస్త. పనిచేస్తదని మాత్రం చెప్పను. ఇంటి మనిషే మోయాలె. తవ్వినకాన్నుంచి ఆమె గొంతు దిగేదాక నువ్వు నోరు తెరవొద్దు," అన్నాడు.

ఖాజా నవ్వేశాడు. "ఇంకేదన్న కట్టు పెట్టు తాతా. వీడు నిద్రల గూడ మాట్లాడ్తడు."

ముత్తయ్య నవ్వలేదు. "మందు తెచ్చేటోడు ముచ్చట్లల్ల పడితే తొవ్వల్నే ఉంటడు. మా పెద్దలు పెట్టిన కట్టు," అన్నాడు.

ఆ రాత్రి వాళ్ల వసారాలోనే పడుకున్నాం. తెల్లారగానే అడవిలోకి తీసుకుపోయాడు. తవ్వబోయే ముందు తన అరచేయి నా పెదాల మీద ఒకసారి ఆనించాడు. తల్లి వేరు ముట్టకుండా పిల్ల వేళ్లు తీసి, మట్టి మళ్లీ కప్పి, మోదుగాకులో చుట్టి నాకిచ్చాడు. ఆ మొక్క పేరు ఇక్కడ రాయను. చదివిన వాళ్లు దవాఖానా మాని అది నూరుకుంటారని నా భయం. ఖాజా పూలున్న కొమ్మలు కొన్ని పాత పేపర్ల మధ్య పరిచి, చెక్కల నడుమ బిగించాడు. వాడికి మాట్లాడే సెలవుంది. వాడి ఎలుకలు మంచం పట్టి లేవు.

తిరుగు బస్సులో కండక్టరు, "ఏడికి?" అన్నాడు. నేను ఖాజాను చూపించాను. "పాపం, మూగోడా?" అన్నాడు. వెనక సీటులో ఒకామె, "ఎంత నెమ్మదస్తుడో, ఈయన పెండ్లాం అదృష్టవంతురాలు," అంది. నాలుక మీదికి పది జవాబులు వచ్చాయి. మోదుగాకు పొట్లం గట్టిగా పట్టుకుని మింగేశాను.

కొత్తగూడెంలో ఖాజా నీళ్ల కోసం దిగాడు. అంతలో మా డబ్బాకు రోజూ వచ్చే లారీ డ్రైవరు యాదగిరి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏందే నర్సన్నా, ఇట్లొచ్చినవ్? సరోజక్కకు ఎట్లున్నది?"

నేను పెదాల మీద వేలు పెట్టాను. వాడి మొహం మారింది. నేను పలకరించకుండా ఉండడం వాడు ఎన్నడూ చూడలేదు.

"మాట్లాడవేందే? అక్క పోయిందా?"

తల అడ్డంగా ఊపాను. ఇక లేదంటున్నాననుకున్నాడు. కిటికీ ఊచల్లోంచి నా చేయి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. "చాయ్ తాగకుంటే పోనియ్యకపోతుండె గదనే!" నేను పొట్లం చూపించాను, చేతులు ఊపాను. వాడు ఇంకా ఏడ్చాడు. బస్సంతా నా వైపు జాలిగా చూసింది. బతికి ఉన్న మనిషి కోసం జనం ఏడుస్తుంటే, కాదని ఒక్క మాట చెప్పలేక కూర్చున్నాను. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. దాంతో వాడి అనుమానం కూడా తీరిపోయింది.

ఖాజా పరుగున వచ్చి, "ఓ యాదగిరీ, వదిన ఉన్నది! వీడు మందు కోసం మాట్లాడ్తలేడు!" అని అరిచాడు. యాదగిరి కళ్లు తుడుచుకుని నన్ను నాలుగు తిట్టాడు. అంత తియ్యటి తిట్లు నేనెప్పుడూ తినలేదు. కానీ బస్సు కదిలాక ఖమ్మం దాకా ఆ ఏడుపే చెవుల్లో ఉంది.

దీపాల వేళకు ఇల్లు చేరాం. సరోజ కళ్లు తెరిచింది. "దొరికిందా?" తల ఊపాను. "ఏంది, మూగనోము పట్టినవా?" మళ్లీ ఊపాను. ఖాజా సంగతి చెప్పాడు. అత్తమ్మ వేరు నూరి మేకపాలలో కలిపి ఇచ్చింది. గ్లాసు నేనే పట్టుకున్నాను. సగం పెదాల పక్కనుంచి కారింది. సగం దిగింది.

ఆ వారం తిరగకముందే సరోజ పోయింది. అప్పుడు యాదగిరికి మళ్లీ ఏడవడానికి నోరు రాలేదు. తర్వాత చాన్నాళ్లకు ఖాజా డబ్బాకు వచ్చి, మొదట్లోనే ఇస్తే ఆ వేరు ఎలుకలకు కొంత పనిచేస్తున్నదని, ముదిరాక ఇస్తే ఏమీ లేదని చెప్పాడు. చెబుతూ తలెత్తలేదు. ముత్తయ్య పొయ్యి వైపు చూసింది కూడా అందుకేనేమో. ఆ దారిన ఇప్పుడు బస్సులు పెరిగాయి. పోయేవాళ్లు గోదావరిని చూడండి, అడవిని చూడండి. కళ్లు పచ్చబడితే మాత్రం ఆ రోజే దవాఖానాకు పోండి.

మందు తెచ్చిన ఆ సాయంత్రం మాత్రం, అది ఆమె గొంతు దిగడం కళ్లారా చూశాక నేను నోరు తెరిచాను. రోజంతా ఆపుకున్నది ఒక్కసారిగా వచ్చింది. "నీ కోసం పొద్దుగాలనుంచి నోరు మూసుకున్ననే! మూగోడనిపిచ్చుకున్న! ఇంత చేసినంక గూడ నీకు తగ్గకుంటే చూడు!"

సరోజ మూతి తుడుచుకుని, ఊపిరి కూడదీసుకుని అంది:

"నీ నోరు మూపిచ్చిన మందుకు నా కామెర్లొక లెక్కనా?"