అక్క నడక మీద కట్టిన పాట

ఆ నాటకశాలలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన ‘పోనీలే’ మాస్టారు. పైకప్పు కారి వయొలిన్ పెట్టె తడిసినా పోనీలే, తన కుర్చీలో ఇంకొకడు కాళ్లు చాపినా పోనీలే. వేదిక ముందు గొయ్యిలో కూర్చునే వాద్యబృందానికి ఆయనే పెద్ద. మొదటి వయొలిన్ ఆయనదే, కమాను ఎత్తి అందరికీ సైగ చేయాల్సిందీ ఆయనే. పెద్దరికం మాత్రం కుర్చీకే ఉండేది, మనిషికి లేదు.

అంత మెత్తని మనిషీ బతుకు మొత్తానికి ఒకే ఒక్క సంగీతం సొంతంగా కట్టాడు. రెండో అంకం అయి తెర పడ్డాక, వెనక ఇంటి సెట్టు తీసి ఆసుపత్రి సెట్టు పెట్టేలోపు జనం లేచిపోకుండా వాయించే చిన్న తునక. మహా అయితే ఒక సిగరెట్టు కాల్చేంతసేపు. దాన్ని ఆయన తన అక్క మీద కట్టాడు.

అక్కది దర్జీ పని. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. అమ్మా నాన్నా పోయాక ఆ కాలితోనే కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి పెంచింది. మంచి కాలు ముందు తొక్కేది, చెడ్డ కాలు ఒక్క క్షణం వెనకబడి అందుకునేది. మిషను చప్పుడూ అలాగే ఉండేది: సాగేది, ఆగేది, మళ్లీ సాగేది. దాని మీద ఆమె గొంతు దించి ఏదో కూనిరాగం తీసేది. తమ్ముడు ఆ చప్పుడులోనే చదువుకున్నాడు, ఆ చప్పుడులోనే నిద్రపోయాడు. అందుకే ఆయన కట్టిన పాట నెమ్మదిగా నడిచేది. ప్రతి వరుస చివరా, అడుగు వేసేముందు బలం కూడదీసుకుంటున్నట్టు, ఒక చిన్న విరామం. శ్రుతి బాగా కింద, అక్క గొంతు పలికే చోట. మొదటిసారి వాయించిన రోజు సెల్లో వాయించే ముసలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“అక్కా, నీ మీద ఒకటి కట్టాను” అన్నాడు ఇంటికెళ్లి.

“నా మీద ఏముందిరా కట్టడానికి? ముందు ఆ పరదా కొస పట్టుకో” అంది. అందే గానీ, ఆ పూట సూదిలో దారం ఎక్కించడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

నాటకశాలకు మెట్లు ఎక్కువ. ఆమె ఎప్పుడూ రాలేదు. రోజూ “వాయించారా?” అని అడిగేది. “వాయించాం” అనేవాడు. ఆమెకు అదే పండగ.

తర్వాత జరిగినదానికి ఎవర్ని తిట్టాలో తెలియదు. ముందు తిరిగే వేదిక వచ్చింది. మీట నొక్కితే చాలు, ఇల్లు పోయి ఆసుపత్రి ప్రత్యక్షం. మేనేజరు గొయ్యిలోకి వంగి, “మాస్టారూ, మా సెట్టు రెడీ అయిపోతోంది, మీ పాట ఇంకా ఈడుస్తోంది. కాస్త పరిగెత్తించండి” అన్నాడు. పోనీలే అన్నాడు ఈయన. తర్వాత కొత్త క్లారినెట్టు అతను వచ్చి, కింది స్వరాల్లో తన వాద్యం మూలుగుతోందని శ్రుతి పైకి జరిపించాడు. పోనీలే. పరుగు పెరిగి, శ్రుతి ఎక్కాక దుఃఖం ఎక్కడ నిలుస్తుంది? పాటకు హుషారొచ్చింది. చనువిస్తే చంకెక్కుతారంటారు గానీ, వీళ్లు నెత్తికే ఎక్కారు. ఒక హాస్యనాటకంలో కుంటి తాగుబోతు వేషం ఉంటే, రెండో అంకం అయ్యాక వాడి ప్రవేశానికి ఈ పాటే పెట్టారు. వరుస చివర ఆగే చోట కాలు ఈడ్చి పడబోతే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారని ఆ నటుడే కనిపెట్టాడు. డ్రమ్ముల అతను అక్కడొక దెబ్బ కలిపాడు.

ఆ రోజు మాత్రం ఆయన పోనీలే అనలేదు. “అది… అలా కాదండీ” అని నోరు తెరిచాడు.

“మరెలాగండీ?” అన్నాడు మేనేజరు.

మాస్టారు వయొలిన్ తీగలు సవరించుకున్నాడు. మా అక్క కుంటిది, అది ఆవిడ నడక అని అంతమందిలో ఎలా చెప్పడం? చెప్పలేదు. నాటకం ఏళ్ల తరబడి ఆడింది. ఇంట్లో అక్క “వాయించారా?” అంటూనే ఉంది, ఆయన “వాయించాం” అంటూనే ఉన్నాడు. అబద్ధమైతే కాదు కదా!

కింది వాటాలో ఉండే నర్సు మంచి మనసుతోనే చేసింది. “నాటకశాలకి లిఫ్టు పెట్టారటండీ. మీ తమ్ముడికి చెప్పకుండా వెళ్దాం రండి” అని ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటకు ఆమెను తీసుకొచ్చింది. రెండో అంకం అయ్యాక మాస్టారు తలెత్తితే మొదటి వరుసలో అక్క! తనే కుట్టుకున్న నీలం కోటు వేసుకుని, నర్సు చెవిలో ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో ఆయనకు వినకుండానే తెలుసు. ఇప్పుడు వచ్చేది నా పాటే అని.

ఆయన అప్పుడు, జన్మలో మొదటిసారి, ఒక నిశ్చయానికొచ్చాడు. శ్రుతి ఇప్పటికిప్పుడు దించలేను, నడకైనా తగ్గిస్తాను. నటుడు పడితే పడనీ, ఉద్యోగం ఊడితే ఊడనీ. కమాను ఎత్తి, నిదానంగా దించాడు.

ఆ గొయ్యిలో ఆయన కమాను వైపు చూడడం మానేసి ఎన్నేళ్లయిందో! ఆ పాట అందరికీ నిద్రలోనూ వచ్చు. క్లారినెట్టు అతను కళ్లు మూసుకుని ఊదాడు. డ్రమ్ముల అతని చూపు నటుడు అడుగుపెట్టే చోటి మీదే ఉంది. ఈయన మొదటి స్వరం సాగదీసేలోపు వాళ్లు వరుస దాటిపోయారు. పక్కనున్న రెండో వయొలిన్ ఆవిడ మోచేత్తో పొడిచి, “మాస్టారూ, ఎక్కడున్నారండీ?” అంది. అప్పుడు ఆయన చెయ్యి ఏం చేసిందంటారా? పరిగెత్తి వాళ్లను అందుకుంది. మేనేజర్నీ క్లారినెట్టునీ వదిలేసి ఆ చేతినే తిట్టాలి.

తాగుబోతు వచ్చాడు. కాలు ఈడ్చాడు, పడబోయాడు. డ్రమ్ము మోగింది. జనం విరగబడి నవ్వారు. పక్కవాళ్లను చూసి అక్క కూడా నవ్వింది. పాట మూడో వరుసకొచ్చేసరికి తన కూనిరాగాన్ని ఆనవాలు పట్టింది. నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

“వాళ్లు మార్చేశారక్కా, నేను కట్టింది అది కాదు” అన్నాడు ఇంటికొచ్చాక.

“బాగుందిరా. జనం బాగా నవ్వారు” అంది. నీలం కోటు మడత పెడుతూ, “ఒరే, నేను అలాగే నడుస్తానా?” అని అడిగింది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“లేదక్కా” అన్నాడు. ఆలస్యంగా అన్నాడు.

“వాయించారా?” అని ఆమె మరెప్పుడూ అడగలేదు. మంచినీళ్లు కావాలంటే “కాస్త అందుకోరా” అనేది. ఎవరైనా తలుపు కొడితే “చూడరా” అనేది. ఆయన బయటికెళ్లి ఏదో మరిచిపోయి వెనక్కొస్తే, మెట్ల మీదికే మిషను వినబడేది. సాగేది, ఆగేది, మళ్లీ సాగేది. తాళంచెవి తిరిగిన చప్పుడుకి ఠక్కున నిలిచిపోయేది. తమ్ముడు ఇంట్లో ఉన్నంతసేపూ అక్క కుర్చీలోంచి లేచేది కాదు.