సాయంత్రానికి మారిన ఆరాధన

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది నన్ను ఆదోని నుంచి ఎమ్మిగనూరు పాస్టరేట్‌కు ఛైర్మన్‌గా బదిలీ చేశారు. పాస్టరేట్ అంటే ఒక పట్టణ క్రైస్తవ సంఘం, దాని కింద నడిచే పల్లె సంఘాలు. వీటన్నిటికీ బాధ్యుడైన గురువే ఛైర్మన్.

నేను చేరిన కొద్ది రోజులకే కమిటీ ముందుకు ఒక తీర్మానం వచ్చింది. ఒక పల్లెలో ఆరాధనకు జనం రావడం లేదు కాబట్టి, ఆ గుడి మూసి విశ్వాసులను పట్టణ సంఘంలో కలపాలని. కార్యదర్శి దేవదానం రిటైరైన హెడ్మాస్టరు, నిక్కచ్చి మనిషి. ప్రతి ప్రకటనా వాట్సాప్ గ్రూపులో పెడుతున్నా ఎవరూ కదలడం లేదని ఆయన వాదన. సంతకం పెట్టే ముందు చూసి వద్దామని ఆయన్నూ వెంటబెట్టుకుని పోయాను.

పొద్దు వాలుతోంది. ఆడవాళ్లు కూలి ఆటోలు దిగుతున్నారు, చీరల నిండా పత్తి నలుసులు. గుడి మెట్ల మీద కూర్చుని, ఎందుకు రావడం లేదని అడిగాను. సుంకమ్మ అనే నడివయసు కూలిమనిషి ముందుకొచ్చి చెప్పింది.

"తొమ్మిదికి ఆరాధన అంటారు అయ్యగారూ. పత్తి ఇడిపిచ్చే కాలంలో పొద్దు మొలవకముందే ఆటో వస్తాది. ఎట్ల రావల్ల?"

దేవదానం గ్రూపు సంగతి ఎత్తాడు.

"ఫోను మా ఇంటాయన జేబులో ఉంటాది సార్. గుడి మూస్తారంటని సంతలో ఇన్నాము. దేవుణ్ణి మేము ఇడిసిపెట్టలేదు. మమ్మల్ని ఒక మాట అడిగినారా?"

తిరుగు దారిలో దేవదానం, "అందరినీ అడుగుతూ పోతే ఏ పనీ తెగదండీ" అన్నాడు. గొంతులో మునుపటి పట్టు లేదు.

తీర్మానాన్ని వాయిదా వేయించాను. వీధికొక స్త్రీని ఆ వీధివాళ్లే ఎన్నుకునే ఏర్పాటు చేశాం. కమిటీ కూర్చునే ముందు వీధి మాట ఆమె తెస్తుంది, నిర్ణయమయ్యాక కారణంతో సహా ఇంటింటికీ చెబుతుంది. వాళ్లు తెచ్చిన మొదటి మాట, ఆరాధన సాయంత్రానికి మార్చమని. మార్చాం. ఆ ఆదివారం గుడి చాలక బయట చాపలు పరవాల్సి వచ్చింది. పరిచినవాడు దేవదానమే. తీర్మానం వెనక్కి తీసుకుందామని కమిటీలో ప్రతిపాదించిందీ ఆయనే.

నా సర్వీసులో కొత్త గుళ్లు కట్టించాను. కానీ ఆ పాత గుడి తలుపులు తెరిచి ఉంచగలిగినందుకే ఎక్కువ గర్వపడతాను. ప్రకటన చదివినంత మాత్రాన కబురు చేరినట్టు కాదు. తిరుగు మాట వచ్చినప్పుడే చేరినట్టు.