నాన్న మగ్గానికి జర్మనీ దరువు

మా చిన్నప్పుడు... తిరుత్తణి పక్కన మా నేతవాళ్ల వీధిలో, ఒక మధ్యాహ్నం మా నాన్న మగ్గం గుంటలోంచి తలెత్తి, "ఎవుర్రా ఆడ మగ్గం నేస్తా ఉండేది?" అని అడిగాడు.

అమ్మ చేతిలో రాట్నం ఆగిపోయింది. అప్పటికి ఆరు నెలలుగా నాన్నకు ఏమీ వినపడదు.

విషజ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. నేతకు చెవులతో పనేమిటి అనుకుంటారేమో... దెబ్బ ఎంత గట్టిగా పడిందో చేతికంటే ముందు చెవికే తెలుస్తుంది. నాన్న నేసిన లుంగీలు ఒకచోట పలచగా, ఒకచోట మందంగా రాసాగాయి. నూలు ఇచ్చి బట్ట తీసుకునే సావుకారు రెండుసార్లు ఊరుకున్నాడు. మూడోసారి వాకిట్లోనే నిలబడి చెప్పేశాడు.

"ఇదే కడాసి పావు, అమ్మా. ఇదీ ఇట్లే వస్తే ఇంక నూలు ఇచ్చేదానికి లేదు."

కడాసి అంటే చివరిది, పావు అంటే మగ్గానికి ఎక్కించే పడుగు. నాన్నకు నేత తప్ప ఇంకో పని రాదు. ఆ కడాసి పావు మగ్గం మీద ఉండగానే ఈ సంగతి జరిగింది...

అమ్మ తమ్ముడిది పాండూరు. ఆ మామకు మైక్ సెట్ ఉండేది. పెళ్లిళ్లు లేని రోజుల్లో సామానంతా మా ఇంట్లోనే. మద్రాసులో మూటగా కొన్న పాత రికార్డుల్లో, సినిమా పాటల మధ్య, తెలియని పెద్ద ప్లేటు ఒకటి వచ్చింది. అట్ట మీద కనుచూపు మేర తెల్లటి నేల, నడుమ ఒక ఖాళీ కుర్చీ. మంచును మేమెక్కడ చూశాం... నాన్న ఆ అట్టను అటూ ఇటూ తిప్పి, "ఇంత పత్తి పండే ఊర్లో కుర్చీ ఏసుకోని కూసునేదానికి ఎవురికి తీరుతాదిరా?" అన్నాడు.

నా బడి ఐదుతో ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు ఆ అట్ట వెనకే కూడబలుక్కున్నాను. అర్థమైంది ఒక్కటే మాట... జర్మనీ.

మామ దాన్ని ఒకే ఒక్క పెళ్లిలో వేశాడు. "తాళి కట్టే టయానికి ఇది మోగింది అక్కా... పిల్లోడి నాయన నన్ను పందిరి గుంజకు కట్టేసేటట్టు చూసినాడు!" అని చెప్పి నవ్వించేవాడు.

ఆ మధ్యాహ్నం మామ స్పీకరు పెట్టె బాగు చేసి, గీతలు పడినా నష్టం లేదని ఆ ప్లేటే పెట్టాడు. పెట్టె మగ్గం పక్కన మట్టినేల మీద ఉంది. పాటలో మాటల్లేవు. వంక లేకుండా ఒకటే దరువు, పావుగంట దాకా... ఆ దరువు నేలలోంచి గుంటలోకి దిగి, నాన్న అరికాళ్లకు అందింది.

మామ ముల్లు ఎత్తాడు.

"ఆపేసినాడే..." అన్నాడు నాన్న.

మళ్లీ పెట్టాడు. "ఇదో, మళ్లా నేస్తా ఉండాడు!" అంటూ నాన్న తనూ పడుగు పోగుల మధ్య నాడె ఆడించాడు.

"దయ్యాలు పిండి రుబ్బినట్టుండాది, ఆపరా!" అని అమ్మ చెవులు మూసుకుంది.

"ఊరుకోక్కా... బావకు కాళ్లల్లో చెవులు మొలిచినాయి."

సినిమా పాటలూ పెట్టి చూశాం. మూడు నిమిషాలకు ఒకటి అయిపోతుంది, మధ్యలో వయొలిన్లు వస్తాయి, నాన్న చెయ్యి తడబడుతుంది. జర్మనీ వాళ్లదే కుదిరింది. ఒక్కటే చిక్కు... ప్లేటు ఆ పక్క చివర్లో డ్రమ్ములాయనకు పూనకం వస్తుంది. అంతలోపే ముల్లు ఎత్తి మళ్లీ మొదట పెట్టాలి. ఆ పని అమ్మ తీసుకుంది. ప్లేటు మీద గీతల మెరుపు మారేచోటు చూసి, రాట్నం వదిలి, తెగిన పోగు పట్టినంత మెత్తగా ముల్లు ఎత్తేది. తిట్టడం మాత్రం మానలేదు.

ఒకరోజు వీధి కొళాయికి నీళ్లొచ్చాయని అమ్మ బిందె తీసుకుని పరుగెత్తింది. ఇంట్లో పూనకం వచ్చేసింది. నాన్న కాళ్లు దాని వెంటే పోయాయి. అమ్మ వచ్చేసరికి నాన్న చెమటతో నవ్వుతున్నాడు... "ఇదీ బాగుండాదే!"

సావుకారు వచ్చాడు. బట్టను వాకిలి వెలుగులో పరిచి, బొటనవేలితో తడుముతూ పోయాడు. చాలాసేపటికి వేలు ఆగింది.

"ఈడ ఏందిమ్మా? నాలుగు వేళ్ల మేర గోనె మాదిరి ఉండాది?"

అమ్మ బిందె చూపిస్తూ, "ఆడ... పాట మారిపాయ సావుకారూ. నేను నీళ్లకు పోయుంటి" అంది.

"పాటా?"

అమ్మ ప్లేటు పెట్టింది. చెప్పులు విడిచి లోపలికొచ్చిన సావుకారు గుంట పక్కన నిలబడి, కాసేపు తన కాళ్లనే చూసుకున్నాడు.

"ఈ ఒక్క లుంగీ మీరే పెట్టుకోండి. మిగిలిందాన్లో వంక లేదు. రేపొచ్చి పావు తీసకపో."

అమ్మ రెండు చేతులూ చాచి, కొత్త పడుగు వస్తుందని నాన్నకు సైగ చేసింది. నాన్న ఆ పెట్టె వైపు చూసి, "అయితే ఆ జర్మనీ ఆయనకూ చెప్పండి... రేపు పనుండాదని" అన్నాడు.

తర్వాత కొన్నేళ్లకు మామ సెట్టు అమ్మేశాడు, ప్లేటూ దాంతోనే పోయింది. అప్పటికి నాన్న కాళ్లకు ఆ దరువు కంఠతా వచ్చేసింది...

మొన్న ఫోన్లో ఆ కుర్చీ బొమ్మ కనపడింది. ఆ బృందం మొదటి రికార్డట అది. వాళ్ల దేశంలోనే ఎవరికీ గుర్తు లేదని కింద ఎవరో రాశారు. బట్టల పెట్టెలోంచి ఆ లుంగీ తీసి ఒళ్లో పరుచుకుని విన్నాను. దరువు మారగానే నా బొటనవేలు దానంతట అదే ఆ నాలుగు వేళ్ల మందం మీదికి పోయింది.

మీ ఇళ్లలో ఏ పనికి ఏ పాట తోడుండేదో... గుర్తుంటే రాయండి, చదువుతాను.

మా మగ్గం గుంట పూడ్చి టైల్స్ వేసి చాలా కాలమైంది. ఫోను అక్కడే నేల మీద పెట్టి, చెప్పులు విడిచి నిలబడ్డాను... పాట అయిపోయేదాకా నిలబడ్డాను. నేలకు ఏమీ తెలియలేదు.