మూడు వరసల పోతు సీతాఫలాలు

1997 వేసవిలో నేను కొత్తపేట దగ్గర ఒక ప్రభుత్వ ఉద్యాన నర్సరీలో ఫీల్డ్ అసిస్టెంటుగా ఉన్నాను. పేరు ఇంగ్లీషులో ఉంది కాబట్టి పెద్ద ఉద్యోగం అనుకోకండి. ఆఫీసరు గారి కింద గుమాస్తా, గుమాస్తా కింద వాచ్‌మన్, ఆ కింద నేను. కూలి పనికి చేరి అంట్లు కట్టడం నేర్చుకున్నాను. ముప్పై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్ది, మొక్కలకు కట్టే చీటీలు సొంతంగా రాయగలిగాక ఆ పేరు ఇచ్చారు. పని మాత్రం పాతదే.

సీతాఫలం అంటు ఎలా కడతామో ముందు చెప్పాలి. గింజ నుంచి మొలిచిన మొక్క తల తీసేసి, బాగా కాసే తల్లిచెట్టు నుంచి కోసిన చిన్న పుల్లను దాని మీద అతికి కట్టేస్తాం. పుల్ల ఏ చెట్టుదైతే పండు ఆ చెట్టుదే. మా తల్లిచెట్టు ఏటా బుట్టలకొద్దీ కాసేది. అయినా ఆ ఏడు మా మీద ఫిర్యాదు వచ్చింది, నర్సరీ వాళ్ళు మగ మొక్కలు అంటగట్టారని.

ఫిర్యాదు పెట్టినాయన అంబాజీపేట పక్క ఊళ్ళో కొబ్బరి రైతు, సూర్యనారాయణ గారు. ఆయన తోట చివర మెరక మీద నాలుగు వరసల సీతాఫలాలు ఉన్నాయి. అవి ఆయన భార్య మహాలక్ష్మి గారు మా దగ్గర కొని, కాలవ నుంచి బిందెలతో నీళ్ళు మోసి పెంచినవి. కొబ్బరి మీద ఆవిడకు పెత్తనం లేదు. దింపు, బేరం, లారీ అన్నీ మగవాళ్ళ చేతుల్లోనే. ఆవిడవంటూ ఆ తోటలో ఉన్నవి ఈ చెట్లే. అవి విరగబూస్తున్నాయి, పిందె మాత్రం పట్టడం లేదు. బొప్పాయిలో పోతు మొక్క కాయదు, పోతు తాటిచెట్టు కాయదు. కనుక సీతాఫలంలోనూ పోతులు ఉంటాయని సూర్యనారాయణ గారు తేల్చారు. తేల్చి ఊరుకున్నా బాగుండేది. టీకొట్టు దగ్గర పదిమందికీ చెప్పి, గొడ్డలి మనిషిని కూడా మాట్లాడేసుకున్నారు.

ఫిర్యాదు వస్తే ఆఫీసరు స్వయంగా వెళ్ళి తోట చూడాలి. అంటు కట్టిన మనిషిని వెంట తీసుకెళ్ళాలి. తప్పు ఎవరి మీద పెట్టాలో అక్కడికక్కడే తేలిపోతుందని ఈ ఏర్పాటు. మా ఆఫీసరు గారు కుర్రవాడు, చదువుకున్నవాడు, నిజం చెబితే జనం నమ్ముతారని నమ్మే వయసు. చెట్టు కింద నిలబడి ఒక పువ్వు కోసి, మూడు మందపాటి రేకలు విడదీసి చూపించారు. సీతాఫలం, రామాఫలం, లక్ష్మణఫలం ఒకే ప్రజాతి. వీటిలో చెట్టుకు ఆడామగా ఉండదు, ప్రతి పువ్వులోనూ రెండూ ఉంటాయి. రేకలు సగం విచ్చినప్పుడు అది ఆడపువ్వుగా ఉంటుంది. మర్నాడు పూర్తిగా విచ్చి పుప్పొడి రాల్చేసరికి ఆడతనం అయిపోతుంది. అందుకని తన పుప్పొడి తనకు పనికిరాదు. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చిన్న చిన్న పెంకుపురుగులు మోసుకెళ్ళాలి. ఇంతవరకూ విని సూర్యనారాయణ గారు మెల్లిగా అడిగారు.

"ఇవాళ ఆడదీ రేపు మగదీ అయితే, మధ్యలో రాత్రి ఏమని పిలవాలండీ?"

కంచె అవతల మనుషులు పగలబడి నవ్వారు. పురుగులు ఎందుకు లేవో చూద్దామని ఆఫీసరు గారు నేల కేసి చూశారు. తోట పెళ్ళింటి వాకిలిలా ఉంది. రోజూ ఊడ్పించి, ఆ పురుగులు చేరే కుళ్ళిన ఆకూ కాయా అన్నది లేకుండా ఏరించి, పైగా మందు కొట్టిస్తారట.

"నా తోటలో ఒక్క పురుగుని చూపించండి చూద్దాం," అన్నారు సూర్యనారాయణ గారు.

"లేకపోవడమే మీ జబ్బండీ," అన్నారు ఆఫీసరు గారు.

నేను కూడా నోరు ఊరుకోక, అన్నీ ఒకే తల్లిచెట్టు పుల్లలండీ, తల్లి కాస్తుంటే ఇవి పోతులు ఎలా అవుతాయి అన్నాను.

"ఏమ్మా, ఒక తల్లికి ఆడపిల్లలూ మగపిల్లలూ పుట్టరా?" అన్నారాయన. ఆ రోజుకు శాస్త్రం అక్కడితో ముగిసింది.

పురుగులు లేకపోతే కుంచెతో మేమే పుప్పొడి అంటిస్తామని ఆఫీసరు గారు అన్నా ఆయన గొడ్డలి మాటే ఎత్తారు. చివరకు మహాలక్ష్మి గారు అడ్డుపడ్డారు. "గొడ్డలి ఎక్కడికీ పారిపోదు కదండీ. పురుగు చేసే పని వీళ్ళు చేస్తామంటున్నారు, చెయ్యనివ్వండి." చెట్ల చేత కాపురం చేయించడానికి గవర్నమెంటు రావాలా అని గొణుక్కుంటూ ఆయన కాలవ పక్క వరస ఒక్కటి ఇచ్చారు. ఆఫీసరు గారు సంతోషించారు. మిగతా మూడు వరసలూ ముట్టుకోకుండా ఉంచితే పోల్చి చూడవచ్చునట. పుస్తకంలో పద్ధతి అదే.

పొద్దెక్కకముందే వెళ్ళి, బాగా విచ్చిన పూలు కోసి, పుప్పొడిని స్టీలు మూతలోకి దులిపేదాన్ని. పిల్లలు బొమ్మలకు రంగులేసే కుంచెను అందులో అద్ది, సగం విచ్చిన పువ్వు లోపల ఒక చుట్టు తిప్పాలి. చుట్టూ అంటకపోతే కాయ ఒకవైపే ఊరి సొట్టగా వస్తుంది, ఎందుకంటే సీతాఫలం మీద ఒక్కో కన్నూ విడిగా పుప్పొడి అంటి ఊరాల్సిన ఒక్కో పిందె. నాలుగు పూలు చూపించేసరికి మహాలక్ష్మి గారు కుంచె లాక్కున్నారు. నాకంటే ఆవిడ చెయ్యే నెమ్మది. కంచె మీదనుంచి రోజూ ఎవరో ఒకరు ముహూర్తం బాగుందా అని అడిగేవారు. "మీ ఇంట్లో పెళ్ళికి కూడా నన్నే పిలవండి, దగ్గరుండి జరిపిస్తాను," అనేవారు ఆవిడ.

కాలవ పక్క వరస నిండా కాయలు పట్టాయి. మిగతా మూడు వరసల్లో వెతికితే తప్ప కాయ లేదు. ఆఫీసరు గారు ఇస్త్రీ చొక్కాతో దిగారు. సూర్యనారాయణ గారు పది మందిని వెంటబెట్టుకుని చెట్లన్నీ తిరిగి చూసి, ఎంతో మర్యాదగా చెయ్యి కలిపారు.

"ఆయ్, మీరు వచ్చేరు కాబట్టి తేలిందండీ. ఈ వరస ఆడవి. ఆ మూడూ పోతులే. నేను మొదట్నించీ చెప్తున్నది అదే కదండీ!"

ఆఫీసరు గారు మళ్ళీ పువ్వు కోయబోయారు. ఎవరూ ఆగలేదు. వారం తిరక్కుండా మూడు వరసలూ పొయ్యిలోకి వెళ్ళాయి. కొడుతున్నంతసేపూ మహాలక్ష్మి గారు మిగిలిన వరసకు ఆనుకుని నిలబడ్డారు. సాయంత్రం నాతో ఒక్క మాటే అన్నారు. "నీళ్ళు మోసినప్పుడు ఏది పోతో ఆయన చెప్పి ఉంటే, మూడొంతుల బరువు తగ్గేది నాకు."

తర్వాత కొన్నేళ్ళకు రాజోలు వైపు ఒక తోటలో ఇదే పేచీ వచ్చింది. ఈసారి వరసలు వద్దని ఆఫీసరు గారికి చెప్పాను, ఆయన కాదనలేదు. ప్రతి చెట్టుకూ ఒక కొమ్మకు గుడ్డపీలిక కట్టి, ఆ కొమ్మ పూలకే కుంచె పెట్టాం. పీలిక ఉన్న కొమ్మ కాసింది, పక్క కొమ్మ కాయలేదు, చెట్టు మాత్రం ఒక్కటే. ఆ రైతు కూడా ఏమీ ఒప్పుకోలేదు. కాకపోతే పోతుకొమ్మను కొట్టాలంటే కాయలున్న కొమ్మ కూడా కూలుతుంది కదా, గొడ్డలి లోపల పెట్టేశారు. రైతును ఒప్పించడం మా ఉద్యోగంలో భాగం కాదని, చెట్టు నిలబడితే పని అయినట్టేనని అప్పుడు తెలిసింది.