మొదటి తరగతిలో ఎర్ర గీతలు

నవ్వేటోళ్ళు నవ్వండి. కానీ మొత్తం విని నవ్వండి. సోమవారం నాడు బడిలో ఏమైందో ఊరంతా తలా ఒక తీరుగా చెప్పుకుంటున్నరు. ఒకాయన నేను కాలు జారి పడ్డనంటడు. ఇంకొకాయన నాకు మూలశంక ముదిరిందంటడు! నిన్న చాయ్ హోటల్లో నేను లేవంగనే ఆ హోటలాయన నా కుర్చీ వంగి చూసిండు. ఇక లాభం లేదని జరిగింది జరిగినట్టు నేనే చెప్తున్న. తప్పు నాదే, ఒప్పుకుంటున్న. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

నేను చదివింది ఏడో తరగతి. నారాయణపేట పక్క ఊర్లో నలభై ఏండ్ల నుంచి మగ్గం నేస్తున్న. పొద్దున ఐదింటికి లేస్త, ఆరింటికల్లా మగ్గం గుంతలో కాళ్ళు పెడత. బీడీ లేదు, కల్లు లేదు, ఒకరి జోలికి పోయేది లేదు. మా మనుమరాలు మా ఊరి సర్కారు బడిలో మూడో తరగతి చదువుతది. ఆ లెక్కన నన్ను బడి కమిటీలో పెట్టినరు. పెట్టినంక ఊకె సంతకం చేసి వచ్చే మనిషిని కాను నేను. బడికి పోత, గోడలు చూస్త, నల్లా చూస్త, పిల్లల గోర్లు చూస్త.

మా బడిలో ఇద్దరే టీచర్లు. పెద్ద సారు పై తరగతులు చూస్తడు. సుజాత టీచర్ ఒకటి, రెండు తరగతులు చూస్తది. హాలియా దిక్కు అమ్మాయి, వచ్చి ఏడాది కాలేదు. ఈసారి మొదటి తరగతిలో పదిమంది చేరకుంటే ఆమె పోస్టు తీసి ఇంకో ఊరికి ఇస్తరని పైనుంచి మాట వచ్చింది. ఆమె పోతే ఐదు తరగతులకు ఒక్క సారు మిగులుతడు. ఒక్క మనిషి ఐదు తరగతులకు ఏం చెప్తడు? హాజరు పిలిచేసరికే మధ్యాహ్నం అన్నం బెల్లు కొడతది!

అప్పటికి చేరింది ఏడుగురు. ఇంకా ముగ్గురు కావాలె. ముగ్గురు తల్లులు అటా ఇటా అని ఊగుతున్నరు. కూలికి పోయే యాదమ్మ, ఆమె వాడకట్టు నుంచి ఇంకో ఇద్దరు. యాదమ్మ బిడ్డ చిన్ని పోయిన ఏడాది ప్రైవేటు బడికి పోయింది. పొద్దున ఒక పసుపుపచ్చ వ్యాను ఊర్లోకి వస్తది, పిల్లల్ని బస్తాలు కుక్కినట్టు కుక్కుకొని పోతది. మెడకు టై కడితే చదువొచ్చినట్టేనని మన తల్లులకు ఎవరు చెప్పినరో! ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతది. సరే, సోమవారం తల్లులందరినీ పిలిచి క్లాసు చూపెడదాం, నచ్చితే అక్కడికక్కడే పేర్లు రాయించుకుందాం అని కమిటీలో అనుకున్నం.

క్లాసు ఎట్లుందో ముందుగాల నేను చూడాలె కదా. శనివారం పోయిన. గడప కాడనే ఆగిపోయిన.

నేలంతా చింతగింజలు! సోడా మూతలు! బట్టలు ఆరేసినట్టు గది నడుమ దారం కట్టి దానికి బొమ్మల అట్టలు తగిలించినరు. గోడకు ఒక అద్దం. పిల్లలు నేల మీద గుండ్రంగ కూసున్నరు. ఒకడు పండుకొని లెక్క పెడుతున్నడు. టీచరమ్మ కూడ వాళ్ళ నడుమ నేల మీదనే కూసుంది. టీచరెవరో పిల్లలెవరో గుర్తుపట్టనీకి నాకు జరసేపు పట్టింది.

"టీచరమ్మా, ఇది క్లాసా, అంగడా?" అన్న.

"లెక్కలు పెద్దయ్యా. గింజలతోని కూడుడు నేర్చుకుంటున్నరు."

"గా గుండ్రంగ కూసోబెట్టుడు ఎందుకు?"

"అందరి మొఖాలు అందరికి కనవడతయి గద."

మొఖాలు చూసుకునేటందుకు బడికొస్తరా? మా పంతులు మొఖం చూడాలంటేనే మాకు చెమట పట్టేది. ఆయన మొఖం ఎట్లుంటదో నాకు ఇప్పటికీ సరిగ్గా గుర్తు లేదు, చేతిలో బెత్తం గుర్తుంది. చదువంటే అది!

"తల్లులు వచ్చి ఇదంతా చూస్తే పిల్లల్ని చేర్పిస్తరా? వరుసల కూసోబెట్టు" అని చెప్పిన.

"చిన్నపిల్లలు పెద్దయ్యా. వరుసల ఎంతసేపు కూసుంటరు?"

"కూసోబెడితే కూసుంటరు."

ఆమె నవ్వి మళ్ళా గింజలు పంచబట్టింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆదివారం పెద్ద సారు దగ్గర తాళం చెవి తీసుకున్న. "బడి శుభ్రం చేస్త" అని చెప్పిన. చెప్పినట్టే చేసిన. చింతగింజలు ఊడ్చిన. మూతలు, అట్టలు గోనెసంచిలో కట్టి అల్మారలో పెట్టిన. అద్దాన్ని గోడకు మొఖం చేసి తిప్పిన. గది కడిగి ఆరబెట్టిన. ఇక మిగిలింది గీతలు. నేల మీద వరుసగా గీతలుంటే పిల్లలు వాటి మీద కూసుంటరు, ఎవరు పక్కకు జరిగినా దొరికిపోతరు.

చాక్‌పీసుతో గీస్తే ఒక్క పూటలో చెరిగిపోతది. పెయింటు కావాలంటే పేటకు పోవాలె, ఆదివారం షాపు తెరిచి ఉంటదో లేదో. మా ఇంట్లో నూలుకు వెయ్యంగ మిగిలిన ఎర్ర రంగు పొడి ఉంది. నేతోనికి గంజి మీద ఎంత నమ్మకమో మీకు తెల్వదు. మెత్తటి పోగు గంజి తాగితే గట్టిపడతది, మగ్గం మీద ఎంత గుంజినా తెగదు. గంజి పెట్టింది ఏదైనా నిలబడతదని నా లెక్క. ఇంటికి వచ్చి చిక్కగా గంజి కాసి, అందులో రంగు కలపబట్టిన. మా ఇంటామె బాలమణి నూలు కండెలు చుట్టుడు ఆపి చూసింది.

"ఏమయ్యా, గంజిల రంగెందుకు కలుపుతున్నవు?"

"బడిల గీతలు గియ్యాలె."

"నేల మీదనా? నూలంటే రంగు తాగుతది. నేల తాగుతదా?"

"నలభై ఏండ్ల సంది రంగులతోని బతుకుతున్న. నాకు చెప్తవా?"

"నేను ముప్పై ఐదేండ్ల సంది నీతోని బతుకుతున్న. గందుకే చెప్తున్న."

ఆడమనిషితో వాదం ఎందుకని బకెట్ పట్టుకొని వచ్చేసిన. (ఈ ముక్క ఆమె ముందర చెప్పకండి.)

గదికి ఆ కొసన ఒక మేకు, ఈ కొసన ఒక మేకు కొట్టిన. నడుమ పోగు బిగించి గుంజిన. మూరెడు, మూరెడు కొలిచి, పోగు వెంబడి కుంచెతోని గీసుకుంట పోయిన. ఆరు గీతలు. మగ్గం మీద నిలువు పోగుల పడుగు పట్టినట్టు వచ్చినయి! ఎక్కడా ఒక్క వంకర లేదు. సాయంత్రానికి ఎండినయి. చేత్తో రాసి చూసిన. ఒక్క చుక్క అంటలేదు. బాలమణికి చెప్పాలె ఈ ముచ్చట, అనుకున్న. చెప్పిన కూడ. "పొడి చెయ్యితోని చూసినవా, తడి చెయ్యితోనా?" అని అడిగింది. అన్నం పెట్టమన్న.

సోమవారం పొద్దున లేచేసరికి వాన.

జూన్ వాన మంచిదే, ఎవరం కాదనం. కానీ ఆ రోజే పడాల్నా? నేను ఉతికిన తెల్ల ధోతి, తెల్ల అంగీ వేసుకొని గొడుగు పట్టుకొని పోయిన. మోకాళ్ళ దాకా తడిసింది, వెనుక ఇంకా ఎక్కువ తడిసింది. తల్లులు కొంగులు తల మీద కప్పుకొని వచ్చినరు. అందరికన్నా ముందర యాదమ్మ వచ్చింది, చిన్నిని ఎత్తుకొని. బడి చూసే రోజని పిల్లలందరికీ కొత్త బట్టలు తొడిగినరు. ఆ కొత్త బట్టలన్నీ నీళ్ళు కారుతున్నయి.

టీచరమ్మ గదిలోకి వచ్చి ఖాళీ దారం చూసింది, తిరగేసిన అద్దం చూసింది, గీతలు చూసింది.

"పెద్దయ్యా... ఇవేంది?"

"గీతలు."

"అది కనవడుతనే ఉంది." ఆమె గొంతు మారింది. "పిల్లలు తడిసి ఉన్నరు. జంపఖానా పరుద్దాం, జర వెచ్చగ కూసుంటరు" అన్నది.

ఇక్కడ నేను ఊకుంటే అయిపోయేది. ఊకున్ననా? లేదు.

"జంపఖానా పరిస్తే గీతలెట్ల కనవడతయి?"

పిల్లల్ని నేనే ఒక్కొక్కర్ని రెక్క పట్టి గీత మీద కూసోబెట్టిన. తల్లుల్ని కూడ వెనుక గీతల మీద కూసోమన్న. "మాకెందుకు కాకా?" అని యాదమ్మ అడిగింది. "తల్లి వంకరగ కూసుంటే బిడ్డ సక్కగ కూసుంటదా?" అన్న. చెప్పే మనిషి చేసి చూపియ్యాలె కదా, నేను కూడ ముందటి గీత మీద పిల్లల దిక్కు మొఖం పెట్టి కూసున్న. వెన్ను నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద.

"నేను చెప్పుడు అయిపోయేదాక ఎవ్వరు కదలొద్దు."

పావుగంట మాట్లాడిన. పొద్దున లేచుడు గురించి చెప్పిన. వరుస గురించి చెప్పిన. ఎక్కువసేపు శుభ్రత గురించి చెప్పిన. "బట్ట పాతదైనా ఫికర్ లేదు, మరక ఉండొద్దు. మరక బట్టతోని మనిషికి ఇజ్జత్ ఉండదు" అని ఇదే నోటితో చెప్పిన. ఒక పిల్ల జరగబోతే "ఆఁ!" అన్న. మళ్ళా గీత మీదికి వచ్చింది. రంగు బట్టకు మంచిగ పట్టాలంటే తడి ఉండాలె, కదలకుండ ఉండాలె. ఇది నాకు నలభై ఏండ్ల నుంచి తెలుసు.

మాటలు అయినంక బోర్డు మీద "క్రమశిక్షణ" అని రాద్దామని లేచిన. "క్ర" రాసిన. వెనుక ఎవరో కిసుక్కుమన్నరు.

"బడిల నవ్వొద్దు" అన్న, తిరగకుండనే.

"మ" రాసిన. ఈసారి తల్లులు నవ్వినరు. పెద్ద మనుషులు! నాకు మండింది. "పిల్లలకు లేకుంటె పాయె, మీకన్న బుద్ధి ఉండొద్దా?" అని గట్టిగనే అన్న. నవ్వు ఇంకా పెరిగింది. టీచరమ్మ హాజరు రిజిస్టర్ మొఖానికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు చిన్ని లేచి నిలబడ్డది. "తాతా, నీ ధోతికి అంచొచ్చింది!"

చిన్నపిల్ల, తెల్వక అడిగింది అనుకున్న. "ధోతికి అంచు ఉంటది బిడ్డా. కింద ఉంటది, చూడు" అని ఓపికగా చూపెట్టిన.

"కింద కాదు తాతా. నడిమిట్ల!"

చెయ్యి వెనుకకు పెట్టి చూసుకున్న. చెయ్యి ఎర్రగ వచ్చింది. మెడ తిప్పి చూడబోతే ధోతి కూడ నాతోనే తిరుగుతది, కనవడదు. తోక పట్టుకోబోయిన కుక్క లెక్క రెండు చుట్లు తిరిగిన. కనవడ్డది. ఎర్రటి అంచు, జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు. ఒక్క వంకర లేదు.

"అందరు లేవుండ్రి!" అన్న.

లేచినరు. గౌన్లకు అంచు. లాగులకు అంచు. యాదమ్మ కొత్త చీరకు అసలు అంచు ఒకటి, నేను పెట్టిన అంచు ఒకటి. నవ్వు ఆగింది, లొల్లి మొదలైంది.

"అయ్యో కాకా, మొన్ననే కుట్టించిన గౌను!"

"గీ మరకలు పోతయా, పోవా? అది చెప్పు ముందుగాల!" అని యాదమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని అడిగింది.

అబద్ధం నా నోటికి రాదు. "నేలకైతే పట్టదు కానీ బట్టకు పడితే పోదు. మంచి రంగమ్మా" అన్న.

ఆమె చూసిన చూపుకు నేను గోడకు ఆనుకున్న. వెనుకకు తిరిగి గోడకు ఏమంటిందో చూసే ధైర్యం కూడ లేదు, ఆ గోడకు సున్నం కొత్తగా వేయించింది నేనే. "ఖరాబైన ప్రతి బట్టకు బదులు నా మగ్గం మీదనే గుడ్డ నేసిస్త" అని చెప్పిన. ముగ్గురు తల్లులు ఇంటికి పోనీకి పిల్లల చేతులు పట్టుకున్నరు. అంటే పేర్లు పోయినట్టే. టీచరమ్మ పోయినట్టే. ఆమె మొఖం చూడలేకపోయిన.

ఆమె మాత్రం అల్మార తెరిచి గోనెసంచి తీసింది. "వాన తగ్గేదాక పిల్లల్ని జర ఆడుకోనియ్యుండ్రి" అని తల్లులకు చెప్పి పిల్లల్ని వరండాలోకి తీసుకపోయింది. నేను నడుముకు తువ్వాల చుట్టుకొని, కొబ్బరిపీచు, బకెట్ పట్టుకొని గీతలు కడగనీకి కూసున్న. నేల మీది నుంచి అవి ఎంత సులువుగ పోయినయో తెలుసా? నీళ్ళు పోస్తే పోయినయి! అదే నా కోపం. ఆ నేల ఒక్క దినం పట్టుకోలేదు, ధోతి జీవితాంతం పట్టుకుంది!

బయట సోడా మూతల చప్పుడు, లెక్కపెట్టుడు వినవడుతున్నయి. నడుమ నడుమ ఒక పిల్ల నవ్వు. చూసిన. చిన్ని ఏదో గుడ్డ నా తువ్వాల లెక్క నడుముకు చుట్టుకొని, వెనుకకు చూసుకుంట గిరగిర తిరుగుతుంది. అది నేనే! మిగిలిన పిల్లలు పడిపడి నవ్వుతున్నరు. కోపంగా లేచి గడప దాకా పోయిన.

అక్కడ యాదమ్మ నిలబడి ఉంది. కండ్లల్ల నీళ్ళున్నయి.

"రాయి టీచరమ్మా" అన్నది. "మా చిన్ని పేరు రాసుకో."

నా ఛాతి ఉబ్బింది. "చూసినవా యాదమ్మా, నేను చెప్పిన నాలుగు మాటలు..."

"నీ మాటలు ఎవరిన్నరు కాకా? గా వ్యాను బడికి పోయినకాడి నుంచి మా పిల్ల బడిల నవ్వింది లేదు. పొద్దుగాల లేస్తే ఏడుపే. ఇయ్యాల నీ ఎనుకది చూసి నవ్వింది, ఇంక ఆగుతలేదు. గిసొంటి బడి ఇడిసిపెట్టి యాడికి తోలాలె?"

మిగిలిన ఇద్దరు తల్లులు కూడ "మా పిల్లలవి గూడ రాయి" అన్నరు. రిజిస్టర్లో పది పేర్లు అయినయి. టీచరమ్మ పోస్టు నిలిచింది. నాకు సంతోషమే, ఎందుకు కాదు? కానీ మీరే చెప్పండి, ఇదేం న్యాయం? నలభై ఏండ్ల నియమం, పావుగంట ఉపన్యాసం, పడుగు లెక్క ఆరు గీతలు. అన్నిటికీ కలిపి ఒక్క పేరు రాలేదు. నేను వెనుకకు తిరిగి నిలబడితే మాత్రం ముగ్గురొచ్చినరు!