గేరు ఎందుకు అరిచేదంటే

తాతయ్యకు నా మీద కోపం వచ్చిందని నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా నమ్మాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మానాన్నలు సాగర్ కాలువ పనుల మీద దూరంగా ఉండేవారు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు వెనక గదిలో తాతయ్యా నేనూ, ఇద్దరమే. వెనక నుంచి పిలిస్తే తాతయ్య పలికేవాడు కాదు. పక్కన పడుకుని ఏదైనా అడిగినా జవాబు ఉండేది కాదు. ఏం తప్పు చేశానో తెలియక, కొన్నాళ్లకు అడగడమే మానేశాను. సెలవుల్లో ఒక్కోరోజు పొద్దుగూకేదాకా నోరు విప్పేదాన్ని కాదు.

తాతయ్య ఆ మిల్లు సేటు దగ్గర కారు డ్రైవరు. అప్పటికే బాగా పాతబడిన నల్ల కారు అది. ఆ ఎండాకాలంలోనే దాని గేరు అరవడం మొదలైంది. వేగం తగ్గించి కింది గేరు వేసినప్పుడల్లా తిరగలిలో రాళ్లు పడ్డట్టు గరగరమనేది. క్లచ్ సరిగా విడవడం లేదనుకున్నాడు తాతయ్య. కారు కిందికి దూరి క్లచ్ నట్టు బిగించాడు. మర్నాడు మళ్లీ దూరాడు. అట్లా నాలుగైదుసార్లు తిప్పినా గేరు అరుస్తూనే ఉంది. ఇక ఈ కారు అమ్మేస్తానన్నాడు సేటు. కారు పోతే డ్రైవరుతో ఆయనకు పనేముంది? మేముండే గది కూడా మిల్లుదే.

ఆఖరుకు సూర్యాపేట నుంచి ఒక మెకానిక్‌ను పిలిపించారు. తాతయ్యకు పాత పరిచయమే, తాతయ్యను కాకా అని పిలిచేవాడు. ఆయన క్లచ్ పెడల్‌ను చేత్తో నొక్కి, ఎంత కిందికి పోయాక బరువు తగులుతున్నదో చూశాడు. తాతయ్య మరీ బిగించేసిన నట్టును కొంచెం వదులు చేశాడు. ఇంజన్ నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, కాసేపు ఆగి, రివర్సు గేరు వేశాడు. మెత్తగా పడింది.

"క్లచ్ మంచిగనే ఉన్నది" అన్నాడు. తర్వాత రోడ్డు మీదికి తీసుకుపోయి తానే నడిపాడు. ఎక్కడా గరగర లేదు. వెనక సీట్లో కూర్చున్న నాకు అది మా కారేనా అనిపించింది.

తర్వాత సీటు మారి, నువ్వు నడుపు అన్నట్టు తాతయ్యకు సైగ చేశాడు. మొదటి మలుపు దగ్గరే గేరు అరిచింది.

"కాకా, జర పక్కకు ఆపు."

తాతయ్య ఆపలేదు. మెకానిక్ మళ్లీ అన్నాడు. తాతయ్య రోడ్డునే చూస్తూ నడుపుతున్నాడు. నాకు ఏడుపు వచ్చింది.

"తాతకు కోపమొచ్చింది. నాతోని గూడ మాట్లాడతలేడు" అన్నాను.

మెకానిక్ వెనక్కి తిరిగాడు. "ఎదురుంగ నిలబడి పిలిస్తే పలుకుతడా?"

ఆలోచించుకుని, పలుకుతడన్నాను.

"కోపం కాదు బిడ్డా. మీ తాతకు ఇనొస్తలేదు."

అటువంటి పాత కార్లలో కింది గేరు వేయాలంటే ఇంజన్ చప్పుడు విని, అదను చూసి వేయాలి. అన్నేళ్లూ తాతయ్య చెవితోనే నడిపాడు. ఇప్పుడు ఆ చప్పుడు అందక ముందో వెనకో వేస్తున్నాడు. గరగర కూడా ఆయన చేతికి తగలడమే తప్ప చెవిన పడలేదు.

మెకానిక్ ఆయన భుజం తట్టి కారు ఆపించాడు. గట్టిగా అరవలేదు. ముఖంలోకి చూస్తూ తన చెవి ముట్టుకుని, అడ్డంగా చెయ్యి ఊపాడు. తాతయ్య స్టీరింగు వదల్లేదు.

"అందరు సన్నగ మాట్లాడుతున్రనుకున్న" అన్నాడు.

మిల్లుకు రాగానే ఏమైందని సేటు అడిగాడు. "బండికేం కాలే సేటు. మిగతాది కాకనే చెప్తడు" అని మెకానిక్ పానాలు సంచిలో సర్దుకుని బయలుదేరాడు. ఆ మాట తాతయ్యే చెప్పుకోవాలని వదిలిపెట్టాడని నాకు అప్పుడు తెలియలేదు.

తాతయ్య ఆ రోజు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని పోయి సేటు ముందు నిలబడ్డాడు. "చెవులు పోయినయి సేటు. హారన్ గూడ ఇనొస్తలేదు. ఇగ నడప."

సేటు చెయ్యి చాపి కారు తాళం తీసుకున్నాడు. తర్వాత కారు కడిగి, ఆయిలు చూసుకునే పనికి ఉండమన్నాడు. గది మాకే ఉంచాడు. కోదాడ నుంచి కొత్త డ్రైవరు వచ్చాడు.

ప్రతి మాటా అరిచి చెప్పలేక మిల్లులో వాళ్లు ఒక్కొక్కరే తాతయ్యతో మాటలు తగ్గించారు. షెడ్డులో కారు పక్కన ఒక్కడే కూర్చునేవాడు. నేను బడి నుంచి రాగానే ఆయన ముందు కూర్చుని, పెదవులు కనపడేటట్టు సంగతులన్నీ చెప్పేదాన్ని. సగం అందేవి కావేమో, అయినా తల ఊపేవాడు.

ఆయన పోయిన చాలా ఏళ్లకు గానీ నాకొకటి తట్టలేదు. ఆ ఎండాకాలం, ఈ పిల్ల నాతో ఎందుకు మాట్లాడడం మానేసిందోనని తాతయ్య కూడా అనుకుని ఉంటాడు.

ఇప్పుడు నేనే ముసలిదాన్ని. ఎవరైనా నా మాటకు పలకకపోతే మనసు చివుక్కుమంటుంది. అయినా లేచి, మోకాళ్లు నొప్పిపెట్టినా అటువైపు తిరిగి పోయి, వాళ్ల ఎదురుగా నిలబడి ఇంకొకసారి అడుగుతాను.